కొండకు ఇటు పంట, అటు భయం

ప్రాజెక్టుల మీద తెలుగులో పుస్తకాలకు కొదవ లేదు. కాకపోతే వాటిలో చాలా మటుకు కాలవ గట్టు మీద కూర్చుని రాసినవే. ఎన్ని ఎకరాలు తడిశాయి, ఎన్ని టీఎంసీలు వచ్చాయి, శంకుస్థాపన ఎవరు చేశారు, గేటు ఎవరు ఎత్తారు, అక్కడితో సరి. ఆ నీళ్ళు ఏ లోయ నుంచి బయల్దేరాయో, ప్రాజెక్టు పేరెత్తితే ఆ లోయవాళ్ళు ఏమంటారో మనకు పట్టదు. నేనూ నీటిపారుదల శాఖలోనే ఉద్యోగం వెళ్ళదీసినవాణ్ణి. ఇది ఇంటివాడి సణుగుడనే అనుకోండి. ముల్లపెరియార్ ఆనకట్ట మీద రాసిన ఈ పుస్తకం వ్రాతప్రతి చేతికి రాగానే నేను విషయసూచికలో ముందు వెతికింది కేరళ వైపు అధ్యాయాలు. ఉన్నాయి. ఏదో మొక్కుబడికి ఒకటి కాదు, దాదాపు సగం పుస్తకం అదే.

రచయిత్రి నా మనవరాలి ఈడు పిల్ల. అయినా అచ్చులో మర్యాద తప్పకూడదు గనక ‘ఆమె’ అనే రాస్తాను. తల్లిగారి తరఫు వాళ్ళది తమిళనాడులో కంబం లోయ. తేని, బోడినాయకనూరు, ఉత్తమపాళెం, కంబం చుట్టుపక్కల నాయకరాజుల కాలం నుంచీ పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు బోలెడు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో అరవం చదువుకుంటారు, ఉత్తరం రాయాల్సివస్తే అరవంలోనే రాస్తారు. ఆ లోయలో వరి పండుతున్నదీ, కొబ్బరీ అరటీ ద్రాక్షా నిలబడుతున్నదీ పెరియార్ నీళ్ళ వల్లనే. అమ్మమ్మగారి ఊరికి అన్నం పెట్టిన ఆనకట్ట గురించి రాస్తూ, ఆ ఆనకట్టను చూసి నిద్ర పట్టనివాళ్ళ అరుగు మీద కూడా వెళ్ళి కూర్చోవడం చిన్న సంగతి కాదు. నేనైతే ఆ పని చేసి ఉండేవాణ్ణని చెప్పలేను.

సంగతి తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. పెరియార్ పడమటి కనుమల్లో పుట్టి, పడమటికే పారి అరేబియా సముద్రంలో కలిసే నది. కనుమలకు అటు కుండపోత, ఇటు వానచాటు. వైగై ఇటువైపు నది. మదురై నది అని పెద్ద పేరే గానీ ఏడాదిలో చాలా నెలలు అందులో కనిపించేది ఇసుకే. ముల్లయార్ వచ్చి పెరియార్‌లో కలిసే చోట, తిరువాంకూరు సంస్థానపు (ఇప్పటి కేరళ) అడవిలో, నదికి అడ్డంగా గోడ కట్టి నీటిమట్టాన్ని కొండ భుజం దాకా లేపారు. తేక్కడి దగ్గర కొండను కోసి, మైలు పైచిలుకు సొరంగం తొలిచి, ఆ నీళ్ళను తూర్పుకు దింపారు. అవి వాగుల్లో పడి సురుళియార్‌లోకీ, అక్కణ్ణించి వైగైలోకీ చేరతాయి. గోడ పొడవు 1,200 అడుగులు, పునాది నుంచి ఎత్తు 176 అడుగులు. 1887లో మొదలైన పని 1895లో ముగిసింది. ఆ అక్టోబరు 10న మద్రాసు గవర్నరు వెన్‌లాక్ ప్రభువు ప్రారంభించాడు. ఈ రోజున తేని, దిండిగల్, మదురై, శివగంగ, రామనాథపురం జిల్లాల సాగూ తాగునీరూ చాలావరకు దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆలోచన దొరలది కాదు. 1789లోనే రామనాథపురం సేతుపతి దగ్గర ప్రధాని ముత్తు ఇరుళప్ప పిళ్ళై ఈ నీళ్ళను ఇటు తిప్పవచ్చని మనుషులను పంపి చూపించాడు. 1808లో కెప్టెన్ కాల్డ్‌వెల్ కొండలెక్కి చూసి, ఇది గాలిలో మేడ అని కొట్టిపారేశాడు. 1850లో ఒక చిన్న కట్ట మొదలుపెట్టి, జ్వరాలకు తాళలేక, కూలివాళ్ళు నిలవక వదిలేశారు. ఆ తర్వాత వచ్చింది 1876-78 కరువు. మన రాయలసీమలో దాన్ని ధాత కరువు అంటారు; మదురై సీమలోనూ ఆ సంవత్సరం పేరుతోనే చెప్పుకుంటారు. లక్షల ప్రాణాలు పోయాక గానీ దొరతనానికి ఫైళ్ళ దుమ్ము దులపాలనిపించలేదు. ఈ వరసను రచయిత్రి ఇరవై పేజీల్లో చెప్పారు. నేనైతే పదింటిలో ముగించేవాణ్ణి.

కానీ నాలుగో అధ్యాయం దగ్గర మాత్రం ఒక్క పేజీ కూడా తగ్గించనక్కర్లేదు. అది కట్టుబడి అధ్యాయం. ఇంజినీరింగు చదవని మనిషి రాసిందంటే నమ్మబుద్ధి కాదు.

మన గోదావరి, కృష్ణల మీద ఆనకట్టలు కట్టిన ఇంజినీర్లకు ఒక వెసులుబాటు ఉండేది. ఏడాదిలో ఆరేడు నెలలు నది సన్నబడుతుంది. ఆ సందులో పని జరుపుకోవచ్చు. పెరియార్ దగ్గర ఆ సందు లేదు. నైరుతి వానలు అయ్యాయనుకునేసరికి ఈశాన్యం వానలు దిగుతాయి. ఆ రెండూ లేని వేసవిలో మలేరియా కాచుక్కూచుంటుంది. నదిని పక్కకు మళ్ళించి పునాది పొడిగా ఉంచడానికి వేసిన కాఫర్ డ్యాములు వరద వరదకూ కొట్టుకుపోయాయి. ఆ అడవికి బాట లేదు. సామాను కనుమ కింద నుంచి తీగల మీద తొట్టెలు కట్టి కొండెక్కించారు, అక్కణ్ణించి పడవల్లో ఆనకట్ట దాకా చేర్చారు. సిమెంటు అప్పటికి సీమ నుంచి రావలసిన సరుకు. అంచేత గోడకు అటూ ఇటూ రాతికట్టుబడి వేసి, నడుమ గానుగ సున్నం, సుర్కీ, ఇసుక, కంకర కలిపిన కాంక్రీటు నింపారు. సుర్కీ అంటే కాల్చిన ఇటుకల పొడి. వట్టి సున్నం నీళ్ళలో గట్టిపడదు. సుర్కీ కలిస్తే నీటి అడుగునా బిగుసుకుంటుంది. ఈ కలపడంలో పాళ్ళు ఎంత ముఖ్యమో, నానబెట్టడం, గానుగలో తిప్పడం, దిమ్మిసా కొట్టడం అంతకంటే ముఖ్యం. రచయిత్రి ఈ సంగతి ఏ సాంకేతిక గ్రంథం నుంచీ ఎత్తి రాయలేదు. పాతకాలపు మేడలు మరమ్మతు చేసే మేస్త్రీల దగ్గర కూర్చుని, సున్నం చేతిలోకి తీసుకుని చూసి రాశారు. వేలికి అంటుకోకుండా, అలాగని పొడిపొడిగా రాలకుండా ముద్ద ఎప్పుడు పదునుకొస్తుందో చెప్పిన ఆ ఒక్క పేరా చాలు, ఆమె పనితనం తెలియడానికి.

మద్రాసు పయనీర్ల పటాలాల సిపాయిలు, మదురై వైపు కూలీలు, కొచ్చిన్ నుంచి తెచ్చిన వడ్రంగులు, వీళ్ళంతా ఆ జ్వరాల్లోనే పని చేశారు. ఆ పనుల్లో పాల్గొన్న మెకంజీ అనే ఇంజినీరు 1899లో ప్రాజెక్టు చరిత్ర అచ్చువేశాడు. రోగాలతో పోయినవాళ్ళు 483 మంది అని లెక్క. వాళ్ళ సమాధులు కొన్ని ఆనకట్టకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ప్రాజెక్టు పేరు చెప్పగానే గుర్తొచ్చే ఒక్క దొర పేరు పక్కన ఈ పేర్లు లేని లెక్కను కూడా పెట్టినందుకు రచయిత్రికి నా ప్రత్యేక అభినందన.

ఆ దొర ఆనకట్ట కట్టిన ఇంజినీరు కర్నల్ జాన్ పెన్నీక్విక్. కంబం లోయలో ఆయన పటం లేని టీకొట్టు దొరకడం కష్టం. సంక్రాంతి రోజుల్లోనే ఆయన పుట్టినరోజు, జనవరి 15, వచ్చిందని ఊళ్ళవాళ్ళు పొంగలి పెడతారు. పిల్లలకు ఆయన పేరు పెట్టుకుంటారు. 2013లో కుముళి కనుమ కింది లోయర్ క్యాంపులో తమిళనాడు ప్రభుత్వం స్మారక మందిరం కట్టించింది. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహాలు చూసిన మనకు ఇందులో వింతేమీ లేదు. అయితే ప్రభుత్వం డబ్బు ఆపేస్తే పెన్నీక్విక్ సీమకు వెళ్ళి ఆస్తులమ్మి, భార్య నగలమ్మి ఆనకట్ట పూర్తి చేశాడనే కథ ఒకటి ఉంది. పాఠాల్లోనూ ఉపన్యాసాల్లోనూ సినిమా సంభాషణల్లోనూ పాకిపోయింది. దానికి దస్తావేజు ఆధారం లేదని రచయిత్రి కుండబద్దలు కొట్టారు. డబ్బు మద్రాసు ప్రభుత్వానిది, అంటే రైతు కట్టిన శిస్తుది. అమ్మమ్మగారి ఊళ్ళో ఈ మాట అన్నందుకు ఆమెకు చీవాట్లు పడే ఉంటాయి. కొండకు అవతల కూడా ఒక కథ ఉంది: 1886లో ఆనకట్ట స్థలం కౌలు పత్రం మీద సంతకం చేస్తూ తిరువాంకూరు మహారాజు నా గుండె నెత్తురుతో రాస్తున్నానన్నాడట. ఇటువాళ్ళది త్యాగం కథ, అటువాళ్ళది బలవంతం కథ. రెండింటినీ ఆమె ఎగతాళి చేయలేదు. జనం ఎందుకు నమ్ముతున్నారో చెప్పి, కాగితాలు ఏమంటున్నాయో పక్కన పెట్టారు. నాకు నచ్చిన పద్ధతి అది.

ఇక అసలు విషయం. ఈ పుస్తకం నాకు నేర్పిందీ, నా తోటి ఇంజినీర్లు తప్పక చదవాలని నేను పట్టుబట్టేదీ దీని కోసమే. నాగార్జునసాగర్ తీసుకోండి, ప్రకాశం బ్యారేజీ తీసుకోండి. ఆనకట్ట కింద ఉన్నవాళ్ళూ, ఆనకట్ట నీళ్ళతో పండించుకునేవాళ్ళూ చాలామటుకు ఒక్కరే. అన్నం పెట్టేదీ అదే, తెగితే ముంచేదీ అదే అని వాళ్ళకు తెలుసు. ఆ రెంటినీ తూచుకునే హక్కు వాళ్ళకుంది. కొండ దాటించే ఆనకట్టలో ఈ లెక్క రెండుగా చీలిపోతుంది. పంట తూర్పున, ముప్పు పడమర. ముల్లపెరియార్ గోడ కింద వల్లక్కడవు, వండిపెరియార్, చప్పాత్తు, ఉప్పుతర ఉన్నాయి. వాళ్ళ పొలాలకు ఆ జలాశయం నుంచి కాలవ లేదు. గోడకు ఏమైనా అయితే మొదట పోయేవి వాళ్ళ ఇళ్ళు. మదురై ఆయకట్టు రైతుకు గోడ ఒక నమ్మకం; దాని కింద నిలబడాల్సిన పని అతనికి లేదు. నూరేళ్ళ తగవులో సగం దురుసుతనం ఈ చీలిక లోంచే పుట్టిందని రచయిత్రి వాదం. నేను ఒప్పుకుంటాను. రాజకీయాలు దాని మీద పెట్రోలు పోశాయంతే.

ఆ తగవులో అంకెల పాత్ర ఏమిటో కూడా ఆమె తేటగా చెప్పారు. పత్రికల్లో నీటిమట్టం 136, 142, 152 అడుగులని చదివి, ఆరడుగుల కోసం రెండు రాష్ట్రాలు కోర్టుకెక్కడమేమిటని నవ్వుకునేవాళ్ళున్నారు. సొరంగం నోరు నూరడుగుల పైచిలుకు మట్టంలో ఉంది. దానికి దిగువన ఉన్న నీళ్ళలో ఒక్క చుక్క కూడా తూర్పుకు రాదు. అది పైనీటిని కొండ భుజానికి ఎత్తిపట్టే పీట మాత్రమే. 152 అడుగుల దగ్గర జలాశయంలో 15 టీఎంసీల పైన నీళ్ళుంటే, వాడకానికి వచ్చేవి 10 పైచిలుకు. పైకి పోయేకొద్దీ జలాశయం విశాలమవుతుంది గనక చిట్టచివరి అడుగుల్లోనే నీళ్ళెక్కువ. తమిళ రైతుకు ఆ అడుగులు ఒక పంట. వండిపెరియార్ మనిషికి అవే అడుగులు నెత్తిన పెరిగే బరువు.

1979లో గుజరాత్‌లో మచ్చు ఆనకట్ట తెగి మోర్వి పట్టణం కొట్టుకుపోయాక కేరళలో కలవరం మొదలైంది. కేంద్ర జలసంఘం వచ్చి చూసి, మట్టం 136కి దించి గోడను పటిష్ఠం చేయమంది. పైన కాంక్రీటు తొడుగు వేశారు, గోడలోంచి పునాదిరాతి దాకా రంధ్రాలు తొలిచి ఉక్కు తీగలతో బిగించారు, వెనక కాంక్రీటు ఆనింపు కట్టారు. ఎందుకు అవసరమైందో ఇక్కడ నేను ఒక ముక్క చేర్చాలి, పుస్తకంలో లేదు గనక. ఇలాంటి గోడ తన బరువుతోనే నీటిని ఆపుతుంది. అయితే పునాదిలోకి ఊరిన నీరు గోడను కింది నుంచి పైకి ఎగదోస్తుంది. ఆ మేరకు బరువు తగ్గినట్టే. ఈ ఎగదోపు సంగతి ఇంజినీర్లకు గట్టిగా తలకెక్కింది ఫ్రాన్సులో బూజే ఆనకట్ట కూలినప్పుడు. అది కూలింది 1895 ఏప్రిల్‌లో. అప్పటికి పెరియార్ గోడ దాదాపు పూర్తయింది. పెన్నీక్విక్‌కు తెలియనిదాన్ని మనం ఆయన మీద రుద్దకూడదు; తెలిసిన మనం ఊరుకోకూడదు. దానికి తోడు సున్నపు గోడలోంచి ఊట నీటితో పాటు కొద్దికొద్దిగా సున్నమూ కరిగి పోతుంది. 1930ల్లోనే రంధ్రాలు తొలిచి సిమెంటు గ్రౌటింగు చేయాల్సి వచ్చింది.

2006లో సుప్రీంకోర్టు 142 అడుగుల దాకా నింపుకోవచ్చంది. కేరళ శాసనసభ వెంటనే చట్టం చేసి అడ్డుకుంది. జస్టిస్ ఆనంద్ సంఘం పరిశీలన తర్వాత 2014 మేలో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసి, 142నే ఖాయం చేసి, పర్యవేక్షణ సంఘం వేసింది. గోడ భద్రంగానే ఉందని నిపుణులన్నారు. నేను చదివినంతలో వాళ్ళ తర్కంలో లోపం కనబడదు. అయినా 2021 డిసెంబరులో తమిళనాడు రాత్రిపూట గేట్లెత్తితే వండిపెరియార్ వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి, ముందుగా చెప్పలేదని కేరళ మొత్తుకుంది. గోడ నిలబడుతుందని రుజువు చేయడం ఒక పని. గేటెత్తే ముందు కిందివాళ్ళకు పగటిపూట కబురు పెట్టడం ఇంకో పని. రెండో పనికి నిపుణుల సంఘం అక్కర్లేదు, ఫోన్లు చాలు. ఇక్కడ రచయిత్రి కంటే నా గొంతే కొంచెం పెద్దదయింది. క్షమించాలి.

నాకు తృప్తి కలిగించనిది కరెంటు అధ్యాయం ఒక్కటే. చాలా కురచ. 1886 పత్రం 999 ఏళ్ళ కౌలు. 8,000 ఎకరాలకు ఎకరాకు 5 రూపాయల చొప్పున ఏటా 40,000. ఆ రోజుల్లో ఆ నీటితో దీపం వెలిగించవచ్చని ఎవరి ఊహలోనూ లేదు. తర్వాత మద్రాసు ప్రభుత్వం విద్యుత్తు తీయాలనుకుంటే తిరువాంకూరు దివాన్ సి.పి. రామస్వామి అయ్యరు అడ్డుపడ్డాడు. 1941లో మధ్యవర్తి తీర్పు తిరువాంకూరు పక్షానే వచ్చింది: ఈ నీళ్ళు సాగుకు మాత్రమే. స్వరాజ్యం వచ్చాక 1950ల చివర్లో లోయర్ క్యాంపు విద్యుత్కేంద్రం లేచింది. 1970 ఒప్పందంలో కేరళ దానికి సమ్మతించి, ఎకరాకు 30 రూపాయల అద్దె, కరెంటు మీద సొమ్ము, చేపలు పట్టుకునే హక్కు పుచ్చుకుంది. ఒకే నీరు, ఒకే సొరంగం. కానీ టర్బైన్ తిరిగిన చాలా ఏళ్ళకు గానీ కాగితం మారలేదు. బహుళార్థ సాధకం అని మనం తేలిగ్గా అంటాం. ఒక్కొక్క ‘అర్థం’ వెనక ఎన్నేళ్ళ బేరసారాలున్నాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. దీన్ని ఆరు పేజీల్లో ముగించడం అన్యాయం.

అయితే ఆ ఆరు పేజీల్లోనూ లోయర్ క్యాంపు వర్ణన మాత్రం కళ్ళకు కట్టింది. కుముళి ఘాట్ రోడ్డు మలుపుల్లో నాలుగు లావాటి పెన్‌స్టాక్ గొట్టాలు కొండ మీద నుంచి నిటారుగా దిగుతాయి. అడుగున ఒక్కొక్కటి 35 మెగావాట్ల చొప్పున నాలుగు యంత్రాలకు కట్టిన కేంద్రం. టర్బైన్ తిప్పి బయటపడిన నీళ్ళు నురగ కక్కుతూ వాగులో పడి, కాస్త దూరం పోయేసరికి గూడలూరు మళ్ళలోకి చేరతాయి. కేంద్రం ఆగినప్పుడు ఆ నీళ్ళే ఇరైచ్చల్ పాలం పక్క నుంచి హోరుమని దూకుతాయి. ఇక్కడ కరెంటు సాగుకు పనిమనిషి. పొలానికి వదిలితేనే యంత్రం తిరుగుతుంది. మన శ్రీశైలంలో కరెంటు కోసం నీళ్ళు దింపేశారనీ, సాగుకు ఉంచలేదనీ ఏటా జరిగే రభస తెలిసినవాళ్ళకు ఈ తేడా విలువ తెలుస్తుంది.

తెలుగువాళ్ళకు ఈ గొడవలెందుకని అడిగేవారికి కోయనా గుర్తుచేస్తాను. కృష్ణ ఉపనది మీద మహారాష్ట్ర కట్టిన ఆ ఆనకట్ట నీళ్ళు సహ్యాద్రికి పడమర దిగి, పోఫళి దగ్గర కరెంటిచ్చి, అరేబియా సముద్రంలో కలుస్తాయి. బచావత్ ట్రిబ్యునల్ అందుకు ఏటా 67.5 టీఎంసీలు ఒప్పుకుంది. మన కృష్ణ అటు పోతోందని గుండెలు బాదుకునేటప్పుడు మనం కేరళవాళ్ళ భాషే మాట్లాడతాం. వెలిగొండ దగ్గరికొచ్చేసరికి మదురై రైతు భాష అందుకుంటాం. నల్లమల కింద ఒక్కొక్కటీ 18 కిలోమీటర్లు దాటే రెండు సొరంగాలు తొలిచి, 43.5 టీఎంసీల కృష్ణ నీళ్ళను కరువు మెట్టకు తేవాలన్నది ఆ ప్రాజెక్టు. మాది మార్కాపురం పక్క ఊరు. చెరువు అడుగున పగుళ్ళు చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ నీళ్ళు కావాలి మాకు. ఈ రెండు భాషలూ మన నోట్లోనే ఉన్నాయని రచయిత్రి చివరి అధ్యాయంలో మెత్తగానే అంటించారు. చదువుతుంటే కాస్త చురుక్కుమంది.

మలి ముద్రణలో సొరంగం, కాలవలు, దిగువ ఊళ్ళు కనబడేలా ఒక మంచి పటం వేయించండి. పటం లేని ప్రాజెక్టు పుస్తకం చేతికి చిక్కదు. కరెంటు అధ్యాయం పెంచండి. పాఠకులకు నా సలహా, నాలుగో అధ్యాయంతో మొదలుపెట్టి వెనక్కి రండి.

వెలిగొండ మీద కూడా ఇలాంటి పుస్తకం రాస్తానని ఆమె మాటవరసకు అన్నారు. రాయాలి. శ్రీశైలం ముంపులో ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ దగ్గరికీ, నల్లమల చెంచుగూడేలకూ, ఈ సొరంగాల కొస జలాశయంలో మునిగే పల్లెలకూ ముందు వెళ్ళాలి. ఆ పుస్తకానికి ముందుమాట మాత్రం నన్ను అడగవద్దు. నేను నీళ్ళు పుచ్చుకునే వైపు వాణ్ణి. అటువైపు వాళ్ళలో ఎవరి చేతైనా రాయించండి.